ముందు ఎవరు పిలవాలి? సిమ్ మోడెమ్‌లతో నా తిప్పలు

మా చిన్నాయన పొలం పరకాల దగ్గర. బోరు ఇంటికి కిలోమీటరున్నర దూరం. నాలుగేళ్ల కింద సెల్ స్టార్టర్ పెట్టించాడు. పొద్దున అరుగు మీద చాయ్ తాగుతూ బటన్ల ఫోన్ తీసి ఒక నంబరుకు కొడతాడు, రెండు రింగులు కాగానే కట్ చేస్తాడు, అక్కడ బోరు మోటరు మొదలవుతుంది. అర నిమిషంలో టింగుమని మెసేజ్ వస్తుంది, మోటర్ ఆన్, వోల్టేజీ ఇంత ఇంత ఇంత అని. ఆయనకు ఇంగ్లీషు చదవరాదు గానీ ఆ మూడు అంకెలు నాలుగొందల చుట్టుపక్కల ఉంటే మంచిదని, మూడూ కిందికి దిగితే లో వోల్టేజీ అని, ఒక్కటే అడ్డంగా ఉంటే ఫేజ్ తేడా అని చూడగానే చెప్తాడు.

పోయిన దసరాకు ఊరికి పోయినప్పుడు, నువ్వు వరంగల్‌లో చేసేదేందిరా అని అడిగాడు. కోల్డ్ స్టోరేజీలకు సిమ్ మోడెమ్‌లు పెడతా చిన్నాయనా, లోపల చల్లదనం ఎంతుందో ఓనర్ ఫోన్‌లో కనిపిస్తది, మధ్యలో ఒక సర్వర్ ఉంటది అని ఏదో చెప్పబోయాను. ఆయన పూర్తిగా వినలేదు. "గంత కథెందుకురా? మిస్డ్ కాల్ ఇస్తే సాలదా?" అన్నాడు.

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆలోచిస్తే మాత్రం ఆ మాట వదల్లేదు. ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, నేను తిన్న దెబ్బలన్నీ లెక్కేసుకుంటే సిగ్నల్ లేక తిన్నవి తక్కువ. మోడెమ్‌ను, అంటే సిమ్ వేసుకుని నెట్‌వర్క్ మీదుగా మాట్లాడే ఆ డబ్బాను, ఏ పద్ధతిలో మాట్లాడించాలో, అసలు ముందు ఎవరు పిలవాలో సరిగా తేల్చుకోక తిన్నవే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. ఈ లైన్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలకు పనికొస్తే సంతోషం.

ముందు చిన్నాయన డబ్బా సంగతే చెప్తా, ఎందుకంటే అది చూడటానికి తక్కువగా కనిపిస్తుంది గానీ లోపల మంచి తెలివి ఉంది. ఎవరైనా కాల్ చేసినప్పుడు అవతల ఎత్తకముందే నెట్‌వర్క్ రెండు సంగతులు డబ్బా లోపలి సిమ్ మోడెమ్‌కు చేరవేస్తుంది, కాల్ వస్తోందని ఒకటి, ఏ నంబరు నుంచి అని ఇంకొకటి. స్టార్టర్‌కు కావలసింది అంతే. లోపల దాచుకున్న నంబర్లతో పోల్చుకుంటుంది, సరిపోతే రిలే, అంటే మోటరు స్విచ్, వేస్తుంది, లేకపోతే గమ్మునుంటుంది. ఎత్తలేదు కాబట్టి బిల్లు లేదు. కాల్ ఎత్తి, ఒకటి నొక్కితే ఆన్, రెండు నొక్కితే ఆఫ్ అని బటన్ల చప్పుడును గుర్తుపట్టే రకాలు కూడా ఉన్నాయి గానీ మా ఊళ్లో ఎక్కువమంది మిస్డ్ కాలే వాడతారు.

దీనికి ముందు ఆటో స్టార్టర్లు ఉండేవి. వాటికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, కరెంటు రాగానే అవే మోటరు పెట్టేవి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పాములు తొక్కుకుంటూ పోవాల్సిన రోజుల్లో అది దేవుడిచ్చిన వరమే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక మాత్రం అదే ఆటో స్టార్టర్ రాత్రీపగలూ నీళ్లు తోడి పోయడం మొదలుపెట్టింది, తీసేయండి బాబూ అని ఊరూరా చెప్పాల్సి వచ్చింది. చిన్నాయన సెల్ స్టార్టర్ పిలిస్తేనే పలుకుతుంది, తేడా అక్కడుంది.

దానికీ ఒక లోటుంది. నంబరు సరిపోతే చాలు, పిలిచింది మనిషా జేబా అని అది చూడదు. చిన్నాయన తన నంబరు, పిన్ని నంబరు, నాది కూడా ఎక్కించాడు. ఒకరోజు హన్మకొండ చౌరస్తాలో ఆటోలో ఉండగా నా జేబులోని ఫోన్ దానంతట అదే కలిసింది. పది నిమిషాలకు పిన్ని ఫోన్, "ఎవల్రా మోటరు పెట్టింది? మందు కొట్టి గంట కాలే, మడి నిండుతాంది!" ఆ తర్వాత నా నంబరు తీయించేశాను.

ఇక నా పని. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఎనుమాముల మార్కెట్టు మిర్చితో ఎర్రగా ఉంటుంది. రేటు నచ్చనివాళ్లు, ఇంకా పెరుగుతుందని ఆశపడేవాళ్లు బస్తాలు కోల్డ్ స్టోరేజీకి తోలుతారు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన చపాట మిర్చి అయినా, ఘాటు రకాలైనా లోపల అవే చీకటి గదులు, అదే చలి. ప్రతి గదిలో చల్లదనం చూసుకునే ఒక కంట్రోలర్, దానికి ఆర్‌ఎస్-485 అని రెండు తీగల లైను, ఆ లైను చివర నా మోడెమ్. కంట్రోలర్ మాట్లాడే భాష మోడ్‌బస్, 1979లో పుట్టింది, నాకంటే పెద్దది. లైను వేగం సెకనుకు 9,600 బిట్లు. మోడెమ్ ఏమో యంత్రాలకు వాడే కాట్-1 అనే 4జీ రకం, కాగితం మీద సెకనుకు 10 మెగాబిట్ల దాకా లాగగలదు. నాలుగు లైన్ల రోడ్డు వేసి ఎడ్లబండి తోలినట్టు ఉంటుంది మా వ్యవహారం.

మోడెమ్ కొత్తగా చేతికొచ్చినప్పుడు లాప్‌టాప్‌కు తగిలించి ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కుతాం. ఓకే అని జవాబొస్తే బతికుందన్నట్టు. ఏటీ అంటే అటెన్షన్, 1981లో హేస్ అనే కంపెనీ తన టెలిఫోన్ మోడెమ్‌కు పెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది. సిగ్నల్ అడగడానికి సీఎస్‌క్యూ అని ఒక కమాండ్ ఉంది, జవాబు 0 నుంచి 31 మధ్య వస్తుంది. 99 వస్తే తెలియదు అని అర్థం, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందని కాదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, మొదటి నెలలో 99 చూసి ఫుల్లుగా ఉందన్నా అని మా సీనియర్‌తో నేనే అన్నాను.

మోడెమ్‌కు రెండు బుద్ధులుంటాయి. ఒకటి కమాండ్ మోడ్, అంటే మీరు కొట్టిందాన్ని తనకిచ్చిన ఆజ్ఞగా తీసుకుంటుంది. రెండోది డేటా మోడ్, అప్పుడు మీరు ఏం కొట్టినా తనకు సంబంధం లేనట్టు అవతలికి పంపేస్తుంది. డేటా మోడ్ నుంచి బయటికి రావాలంటే ఒక సెకను ఏమీ పంపకుండా ఉండి, మూడు ప్లస్సులు గబగబా కొట్టి, మళ్లీ ఒక సెకను చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఎంటర్ కొట్టకూడదు. నాకేమో వేలికి ఎంటర్ అలవాటు, +++ కొట్టగానే చిటికెన వేలు దానంతట అదే పోయి ఎంటర్ మీద పడేది. ఆ సెకను నిశ్శబ్దం చెడిపోయేది, మోడెమ్ వాటిని కూడా డేటా అనుకుని సర్వర్‌కు పంపేసేది. మహబూబాబాద్ దగ్గర ఒక సైటులో మధ్యాహ్నం తిండి కూడా మానేసి ఇదే ఆట ఆడుతున్నా. రెండున్నరకు సర్వర్ చూసే తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నీ మోడెం గంట సేపటి నుంచి ప్లస్సులు పంపుతాంది, ఏమన్నా లెక్కలు చేస్తున్నవా?"

ఎస్ఎంఎస్ మోడ్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని పాత చింతకాయ పచ్చడిలా చూస్తారు. 1992 డిసెంబరులో మొదటి ఎస్ఎంఎస్ పోయింది, అప్పటి నుంచి దాని పద్ధతి పెద్దగా మారలేదు, ముందు నెట్‌వర్క్‌లో దాచిపెట్టి ఆ తర్వాత అందజేయడం. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఆగుతుంది, ఆన్ కాగానే అందుతుంది. ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మోడెమ్ చిరునామా, అక్కర్లేదు, సర్వర్‌తో లైను తెరిచి ఉంచక్కర్లేదు, డేటా ప్యాక్ అయిపోయినా ఫరవాలేదు. సిగ్నల్ నాసిగా ఉన్నచోట కూడా ఎలాగోలా పోతుంది. చేరడానికి ఒక్కోసారి మూడు సెకన్లు, ఒక్కోసారి మూడు గంటలు, దాని మీద గ్యారంటీ లేదు. నిమిషం నిమిషం లెక్కలకు పనికిరాదు, మామూలు ప్లాన్లలో రోజుకు వంద ఎస్ఎంఎస్‌లే. అలారమ్‌కు మాత్రం దీనికి మించింది నాకు దొరకలేదు.

ఒక ఓనరు అలారాలు తెలుగులో రావాలన్నాడు, న్యాయమైన కోరికే. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు ఒక్కోదానికి 16 బిట్లు కావాలి, కాబట్టి 70 మాత్రమే. ఆ 70 కూడా కంటికి కనిపించే అక్షరాలు కావు. ఉష్ణోగ్రత అనే మాట చూడండి, కంటికి నాలుగు అక్షరాలు. మోడెమ్‌కు తొమ్మిది, పొల్లు వేరే, వత్తు వేరే, గుణింతం వేరే లెక్క. మూడో గదిలో ఉష్ణోగ్రత నిర్ణీత స్థాయిని మించినది, దయచేసి వెంటనే పరిశీలించగలరు అని పద్ధతిగా రాస్తే ఒక్కటి రెండవుతుంది. చివరికి గది 3 వేడి 9.4 అని పెట్టాం. ఓనరు ఇదే బాగుందన్నాడు, నాకూ ఇదే బాగుంది.

డేటా కాల్ అని ఒక పద్ధతి ఉండేది, ఒక మోడెమ్ ఇంకో మోడెమ్‌కు మామూలు ఫోన్‌లా కాల్ చేసి లైను పట్టుకుని 9,600 వేగంతో మాట్లాడటం, కాల్ నడిచినంతసేపు బిల్లు. మా సీనియర్ కరెంటు మీటర్ల రీడింగులు అలా లాగేవాడట. నేను దాన్ని కాగితాల్లోనే చూశాను, వదిలేద్దాం.

అసలు తిప్పలన్నీ ఇంటర్నెట్ డేటాలోనే. ఇక్కడ మోడెమ్‌ను రెండు రకాలుగా పెట్టొచ్చు. సర్వర్ మోడ్ అంటే మోడెమ్ ఒక పోర్టు తెరుచుకుని కూర్చుంటుంది, మనం కావలసినప్పుడు పోయి తలుపు తడతాం. క్లయింట్ మోడ్ అంటే మోడెమే మన సర్వర్‌కు ఫోన్ చేసి లైను పట్టుకుంటుంది. నా మొదటి సైటుకు నేను సర్వర్ మోడ్ ఎంచుకున్నాను. ఎందుకంటే నాకు అవసరమైనప్పుడు నేను పిలుస్తాను, అది పలుకుతుంది, చిన్నాయన స్టార్టర్ లాగే, ఇంతకంటే సహజం ఏముంది అనుకున్నాను. బజారులో దొరికే సిమ్ వేశాను. మోడెమ్‌కు ఐపీ వచ్చింది, 10తో మొదలయ్యే నంబరు. కాగితం మీద రాసుకుని హన్మకొండలో మా షాపుకొచ్చి ఆ నంబరుకు పింగ్ కొట్టాను, అంటే ఉన్నావా అని అడిగాను. జవాబు లేదు. మళ్లీ సైటుకు పోయాను, అక్కడ అంతా బాగానే ఉంది. మళ్లీ షాపుకొచ్చాను. ఇలా రెండు రోజులు, పెట్రోలు నాదే.

10తో మొదలయ్యే ఐపీ నెట్‌వర్క్ లోపల్లోపల వాడుకునేది, బయటివాళ్లకు కనిపించదు. ఇది మా కాకతీయ యూనివర్సిటీ హాస్టల్లాంటిది అనుకోండి, నాలుగొందల మందికి ఒకటే ఫోన్. లోపలినుంచి ఎవరైనా బయటికి చేయొచ్చు, వాళ్లడిగిన జవాబు వాళ్లకే వస్తుంది. బయటినుంచి ఎవరైనా ఆ నంబరుకు చేస్తే మాత్రం ఎత్తినవాడికి ఎవర్ని పిలవాలో తెలియదు, పెట్టేస్తాడు. మొబైల్ కంపెనీలు లక్షలమందిని కొన్ని పబ్లిక్ ఐపీల వెనక దాచేది ఇలాగే. మామూలు సిమ్‌తో సర్వర్ మోడ్ పెట్టడమంటే తాళం వేసిన ఇంట్లో కూర్చుని చుట్టాలు రావట్లేదని బాధపడటమే. సర్వర్ మోడే కావాలంటే స్థిరమైన ఐపీ ఇచ్చే ప్లాన్ తీసుకోవాలి, లేదా మన మోడెమ్‌లూ మన సర్వరూ ఒకే ప్రైవేటు ఏపీఎన్‌లో, అంటే బయటివాళ్లు రాని మన సొంత దారిలో, ఉండేలా మొబైల్ కంపెనీతో మాట్లాడుకోవాలి. యంత్రాల కోసం విడిగా ఇచ్చే సిమ్‌లు కూడా ఉన్నాయి, 2018 జులై 1 నుంచి కొత్తగా ఇచ్చేవాటికి 13 అంకెల నంబర్లు. పది సైట్లకు పైనుంటే ఇవన్నీ చూడొచ్చు. ఒక గోదాముకు, నాలుగు గదులకు ఆ ఖర్చు పెట్టమంటే మా ఓనర్లు నన్నే గోదాములో పెట్టి తాళం వేస్తారు.

అందుకని క్లయింట్ మోడ్‌కు మారాను. మోడెమే బయటికి పిలుస్తుంది కాబట్టి అడ్డేమీ లేదు, మొదటిరోజే గదుల లెక్కలు ఫోన్‌లో వచ్చాయి. పండగ చేసుకున్నాం. డేటా ఆదా చేద్దామని సర్వర్ పదిహేను నిమిషాలకు ఒకసారి మాత్రమే గదుల లెక్క అడిగేలా పెట్టాను. ఇక్కడే నా తెలివి బయటపడింది.

మే నెల, రాత్రి పదకొండు దాటాక రెండో గది కంప్రెసర్ ట్రిప్పయింది. తెల్లారుజామున నాలుగింటికి వాచ్‌మన్ తాత లేచాడు. చప్పుడు వినబడి లేవలేదు, రోజూ ఉండే చప్పుడు లేక మెలకువొచ్చింది. ఆయన ఓనర్‌కు, ఓనర్ నాకు ఫోన్. నేను మంచంలోంచే ఫోన్‌లో యాప్ తెరిచి చూసి, అంతా బాగానే ఉందన్నా, 6.1 చూపిస్తుంది, చుక్క కూడా పచ్చగా ఉందని ధీమాగా చెప్పాను. "నీ పచ్చ చుక్క నువ్వే పెట్టుకో, ఈడ తొమ్మిది దాటింది" అన్నాడు. బైకు తీశాను.

జరిగింది ఇది. మోడెమ్‌కూ సర్వర్‌కూ మధ్య లైను తెరిచి ఉంది. ఆ లైను ఎవరిది ఎవరికి అనే పట్టిక మొబైల్ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉంటుంది, కాసేపు ఏ మాటా నడవకపోతే జాగా ఖాళీ చేయడానికి ఆ వరుస కొట్టేస్తారు. నా పదిహేను నిమిషాల విరామంలో ఆ పని అయిపోయింది. కొట్టేసిన సంగతి ఇటు చెప్పరు, అటు చెప్పరు. సర్వర్ రెండో గది ఎంత అని అడిగింది, ఆ ప్రశ్న మధ్యలోనే పోయింది, మళ్లీ మళ్లీ పంపింది, పావుగంట చూసి చేతులెత్తేసి లాగ్ ఫైల్‌లో ఒక ముక్క రాసుకుని పడుకుంది. తెరమీద చుక్క రంగు మార్చమని దానికి మేం చెప్పలేదు. అటువైపు మోడెమ్‌కు అసలు అనుమానమే రాలేదు. తన పని అడిగితే చెప్పడం, ఎవరూ అడగలేదు, అంతే కదా. అది ఎప్పటికైనా తనంతట తాను ఏదైనా పంపి ఉంటే జవాబు రాలేదని తెలిసి మళ్లీ కలిపేది. ముందు పిలిచింది మోడెమే, ఆ తర్వాత ప్రతి మాటా సర్వర్ నుంచే మొదలవ్వాలని నేను పెట్టాను, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ తెల్లారబెట్టారు. ఆ లైను నడిచే టీసీపీ పద్ధతిలోనే కీప్ అలైవ్ అని, లైను బతికుందో లేదో తడిమి చూసేది ఒకటుంది, మా సర్వర్ లినక్స్‌లో దాని అలవాటు గడువు రెండు గంటలు, అదీ ప్రోగ్రాములో అడిగితేనే పనిచేస్తుంది. మేం అడగలేదు.

మిర్చికి ఏమీ కాలేదు. గది గోడలు మందం, లోపల బస్తాల కొండ, ఐదు గంటల్లో మూడు డిగ్రీలే ఎక్కింది. నా పరువు మాత్రం బాగా వేడెక్కింది. తప్పు పూర్తిగా నాదే, సిగ్నల్ మీదికి నెట్టేద్దామని ఒక నిమిషం అనిపించింది గానీ ఓనర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఆయన ఫోన్‌లో నాలుగు గీతలు కనిపిస్తున్నాయి.

ఆ రోజే హార్ట్‌బీట్ పెట్టాను, అంటే ప్రతి నిమిషానికి మోడెమే ఒక బైటు పంపుతుంది, బతికే ఉన్నానని. మూడుసార్లు జవాబు రాకపోతే లైను తెంపి మళ్లీ కలుపుకుంటుంది. డేటా అయిపోతుందని ఇన్నాళ్లూ దీనికి భయపడ్డాను కదా, కూర్చుని లెక్కేశాను. ఒక బైటుకు టీసీపీ, ఐపీల చుట్టడం 40 బైట్లు, అటునుంచి అందింది అనే జవాబు ఇంకో 40, మొత్తం 81. రోజుకు 1,440 సార్లు. లక్షా పదహారు వేల చిల్లర బైట్లు. నెలంతా కలిపితే మూడున్నర ఎంబీ. వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ వీడియో అంత కూడా లేదు. దీనికోసమా నేను పదిహేను నిమిషాలు పెట్టింది! తెరమీద అంకె పక్కన అది ఎప్పటిదో టైము కూడా పెట్టించాను. పచ్చ చుక్కను అసలు తీసేయించాను, దాన్ని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకో చిక్కు ట్రాన్స్‌పరెంట్ మోడ్‌ది. ఇందులో మోడెమ్ తెలివి ఏమీ చూపించదు, ఇటు తీగలో వచ్చిన బైట్లను అటు నెట్‌లో పోస్తుంది. మోడ్‌బస్‌కు ఒక పట్టింపు ఉంది, ఒక వాక్యం అయిపోయిందని చెప్పడానికి మూడున్నర అక్షరాలంత సేపు మౌనంగా ఉండాలి, 9,600 వేగంలో అది దాదాపు 4 మిల్లీసెకన్లు. తీగలో సరే. మొబైల్ నెట్‌లో ఒక వాక్యం రెండు ముక్కలై, ముక్కకూ ముక్కకూ మధ్య 200 మిల్లీసెకన్లు పట్టొచ్చు. అందుకున్నవాడు మొదటి ముక్కనే పూర్తి వాక్యం అనుకుని తప్పుందని పారేస్తాడు, రెండో ముక్కనూ పారేస్తాడు. పది రీడింగుల్లో ఎనిమిది వచ్చి రెండు రాకపోతే నూటికి తొంభైసార్లు ఇదే. మోడెమ్‌లో సీరియల్ వైపు కాసేపు ఆగి మొత్తం పోగేసి ఒకే ప్యాకెట్‌లో పంపే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని 50 మిల్లీసెకన్లకు పెట్టండి, అడిగేవాడు జవాబు కోసం ఎదురుచూసే టైమౌట్‌ను మూడు సెకన్లకు పెంచండి. టేబుల్ మీద వైరుతో 300 మిల్లీసెకన్లకే బ్రహ్మాండంగా నడిచిన సాఫ్ట్‌వేర్ సైటులో నడవకపోతే మోడెమ్‌ను తిట్టేముందు ఈ రెండూ చూడండి.

ఇప్పుడు కొత్త సైట్లకు ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతి పెడుతున్నాం. దీన్ని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు పైపులైన్లను శాటిలైట్ లైన్ల మీదుగా గమనించడానికి తయారుచేశారు, అంటే ఖరీదైన, నమ్మకం లేని లైను కోసమే పుట్టింది. అందులో నాకు బాగా నచ్చింది వీలునామా లాంటి ఏర్పాటు. మోడెమ్ కలిసినప్పుడే నేను చెప్పాపెట్టకుండా పోతే అందరికీ ఈ మాట చెప్పండి అని సర్వర్ దగ్గర ఒక సందేశం రాసిపెడుతుంది. చెప్పిన గడువులో ఊసు లేకపోతే సర్వర్ దాన్ని చాటింపు వేస్తుంది. ఆ మే రాత్రి ఇదుంటే నాకు పదకొండున్నరకే తెలిసేది, నిద్ర చెడేది గానీ పరువు నిలిచేది.

బ్యాటరీ మీద నడిచేవాటి తీరు పూర్తిగా వేరు. 2016లో ప్రమాణాల్లోకి వచ్చిన ఎన్‌బీ-ఐవోటీ లాంటి, తక్కువ కరెంటుతో నడిచే మొబైల్ పద్ధతుల్లో మోడెమ్ గంటలకొద్దీ, అవసరమైతే రోజులకొద్దీ పడుకుంటుంది, లేచి చెప్పాల్సింది చెప్పి మళ్లీ పడుకుంటుంది. పడుకున్నప్పుడు మీరెంత పిలిచినా పలకదు. నీళ్ల మీటరుకు అది చాలు. చిన్నాయన మోటరుకు అది పెడితే ఆయన నన్ను ఊళ్లోకి రానివ్వడు.

ఇంకొక్కటి, ఇది మోడ్‌ల సంగతి కాదు గానీ చెప్పకపోతే పాపం. 2జీలో పంపేటప్పుడు మోడెమ్ క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, పాత రేడియో పక్కన సెల్ పెడితే కాల్ వచ్చేముందు టిర్రిక్ టిర్రిక్ మని వినిపించేది ఆ పంపుడు దెబ్బలే. చవక అడాప్టర్ ఆ దెబ్బకు కూలబడుతుంది, మోడెమ్ రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ పంపబోతుంది, మళ్లీ కూలబడుతుంది. మీరేమో నెట్‌వర్క్ బాగాలేదని మూడు సిమ్‌లు మారుస్తారు. అలాగే కోల్డ్ స్టోరేజీ గోడలకు రెండువైపులా రేకు ఉంటుంది, ఏంటెన్నా లోపల పెడితే డబ్బాలో పెట్టి మూత వేసినట్టే. వైరు లాగి బయట గోడకు పెట్టండి, నా సైటులో సీఎస్‌క్యూ 7 ఉన్నది 19 అయింది.

చిన్నాయన మాట దగ్గరికే వస్తా. ఆ గొడవ తర్వాత ఓనర్‌కు యాప్ మీద నమ్మకం పోయింది. టైము పెట్టాం, హార్ట్‌బీట్ పెట్టాం, గది వేడెక్కితే ఎస్ఎంఎస్ పెట్టాం అని ఎంత చెప్పినా, "అవన్నీ సరే తమ్మీ, నేను అడిగితే అది చెప్పాలె" అన్నాడు. ఒక ఆదివారం కూర్చుని మోడెమ్‌లో చిన్న మార్పు చేశాను. ఆయన నంబరు నుంచి కాల్ వస్తే ఎత్తకుండా కట్ చేసి, నాలుగు గదుల అంకెలు ఎస్ఎంఎస్ చేస్తుంది. ఐదో వంతు పని, ఐదు రెట్ల సంతోషం. యాప్ ఆయన ఫోన్‌లో ఉందో తీసేశాడో కూడా నేను అడగలేదు.

మా మోడెమ్ 4జీలో డేటా నడుపుతూ, కాల్ వస్తే మాత్రం 2జీకి దిగి అందుకునే రకం. దిగి, ఎక్కేలోపు డేటా ఆగిపోతుంది, ఒక హార్ట్‌బీట్ ఆలస్యమవుతుంది. సర్వర్‌లో ఆ సైటు గ్రాఫ్ తెరిస్తే రోజూ రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్యలో సన్నటి గంటు ఒకటి కనిపిస్తుంది. అన్నం తిని చేయి కడుక్కుని ఫోన్ తీశాడన్నమాట.